సీసాకు ముందు, సీసా తరువాత: జెర్బెరా కణజాల వర్ధనం

జెర్బెరా విత్తనం నాటితే తల్లి మొక్క పువ్వు తిరిగి రాదు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబానికే చెందిన ఈ మొక్క దక్షిణాఫ్రికా నుంచి ప్రపంచమంతటా వ్యాపించింది. నేడు పాలీహౌస్‌లలో పెంచుతున్న రకాలన్నీ అనేక తరాల సంకరణల ఫలితాలు, అందువల్ల తీవ్రంగా విషమయుగ్మజాలు. ఒకే పువ్వు నుంచి తీసిన విత్తనాలను మొలకెత్తించినా ఒక మొక్క ఎర్రగా, ఇంకొకటి లేత గులాబీగా పూయవచ్చు. ఒకదాని కాడ నిటారుగా, మరొకదానిది వంకరగా రావచ్చు. మార్కెట్టుకు వెళ్ళే కట్టలో మాత్రం పువ్వులన్నిటి రంగు, వ్యాసం, కాడ పొడవు ఒకే తీరున ఉండాలి. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో అయినా, మరెక్కడయినా ధరను నిర్ణయించేది ఈ ఏకరూపతే.

దుబ్బులను విడదీసి నాటుకుంటే తల్లి గుణాలు నిలుస్తాయి. అయితే ఒక దుబ్బు నుంచి ఏడాదికి లభించే పిలకలు వేళ్ళ మీద లెక్కించగలిగినన్నే. పైగా నేలలో దాగిన ఫైటోఫ్తోరా, వేరుబుడిపె నులిపురుగులు పిలకతో పాటే కొత్త మడికి చేరతాయి. ఈ రెండు కారణాల వల్ల జెర్బెరాలో వాణిజ్య సాగుకు కణజాల వర్ధనం ఒక ప్రత్యామ్నాయంగా కాక దాదాపు ఏకైక మార్గంగా స్థిరపడింది.

వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్‌లో చదరపు మీటరుకు ఆరు మొక్కల లెక్కన ఆరు వేల మొక్కలు పడతాయి. ఒకసారి నాటిన మొక్క రెండు మూడేళ్ళు అదే మడిలో ఉంటుంది. మొదటి పువ్వు కనిపించడానికే రెండున్నర, మూడు నెలలు పడుతుంది. అంటే, వచ్చిన మొక్కలు చెప్పిన రకానివి కావని గాని, వాటిలో తెగులు ఉందని గాని తెలిసేసరికి మడి తయారీ, డ్రిప్పు, ఎరువులు, కూలీ ఖర్చులన్నీ అయిపోయి ఉంటాయి. అప్పు తీర్చవలసిన కాలం, ఆ మొక్కలు మడిలో ఉండే కాలం దాదాపు ఒకటే. అందుకే మొక్కలు తెప్పించే ముందు రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే ‘ఈ మొక్క మంచిదేనా?’ అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా తేలికైనది కాదు.

ఆ ప్రశ్నకు సమాధానం సీసాలో దొరకదు. ప్రయోగశాలను చూడవచ్చిన వారి దృష్టి తెల్లని గదులలో అరల మీద వరుసగా పేర్చిన పచ్చని సీసాల మీద నిలుస్తుంది. విద్యార్థుల పరిశోధన కూడా ఎక్కువగా ఆ సీసాలోని యానకం చుట్టూనే తిరుగుతుంది. జెర్బెరా మొక్క భవిష్యత్తు మాత్రం చాలావరకు సీసాకు ముందు తల్లి మొక్క ఎంపికలోను, సీసా తరువాత మొక్కను బయటి గాలికి అలవాటు చేయడంలోను నిర్ణయమవుతుంది.

పూలతో మొదలైన ప్రస్థానం

ఒక్క కణం నుంచి సంపూర్ణ మొక్కను పెంచవచ్చునన్న ఊహను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హేబర్‌లాండ్ 1902లో ప్రకటించాడు. తాను మాత్రం అందులో సఫలుడు కాలేదు. కణజాల వర్ధనం వాణిజ్య స్థాయికి ఎదగడంలో పూల మొక్కల పాత్ర పెద్దది. పోషక కణజాలం లేని ఆర్కిడ్ విత్తనం ప్రకృతిలో ఒక శిలీంధ్రం సాయం లేనిదే మొలకెత్తదు. ఆ శిలీంధ్రం లేకుండా, చక్కెర కలిపిన యానకం మీద దానిని మొలకెత్తించవచ్చునని అమెరికాలో నడ్‌సన్ 1922లో చూపాడు. ఫ్రాన్స్‌లో మొరెల్, మార్టిన్ 1952లో వైరస్ సోకిన డాలియా మొక్కల కాండాగ్ర విభాజ్య కణజాలాన్ని వర్ధనం చేసి వైరస్ లేని మొక్కలను పొందారు. అదే మొరెల్ 1960లో సింబీడియం ఆర్కిడ్‌ను ఈ పద్ధతితో వృద్ధి చేసిన తరువాత ఆర్కిడ్ పరిశ్రమ స్వరూపమే మారిపోయింది.

వేరు, చిగురు ఏది పుట్టాలన్నది యానకంలోని ఆక్సిన్, సైటోకైనిన్‌ల నిష్పత్తి మీద ఆధారపడుతుందని స్కూగ్, మిల్లర్ 1957లో నిరూపించారు. పొగాకు కణజాలం కోసం మురాషిగి, స్కూగ్ 1962లో రూపొందించిన యానకమే స్వల్ప మార్పులతో నేటికీ ప్రతి ప్రయోగశాలలోను వాడుకలో ఉంది. మురాషిగి తన సహచరులతో కలిసి 1974లో జెర్బెరా కాండాగ్రాల నుంచి క్లోన్లను వృద్ధి చేసే విధానాన్ని ప్రచురించాడు. ఈ రంగంలో భారతదేశపు వాటా కూడా తక్కువది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి 1964లో ఉమ్మెత్త పరాగకోశాల నుంచి ఏకస్థితిక మొక్కలను సాధించడం ప్రపంచ ప్రసిద్ధమైన ఘట్టం.

తల్లి మొక్క దశ

సూక్ష్మ వ్యాప్తిలోని దశలను మురాషిగి ఒకటి, రెండు, మూడు అని పేర్కొన్నాడు: వర్ధనాన్ని నెలకొల్పడం, చిగుళ్ళను వృద్ధి చేయడం, వేర్లు తెప్పించి బయటికి సిద్ధం చేయడం. తరువాత డెబెర్గ్, మెయిన్ అనే శాస్త్రజ్ఞులు 1981లో వీటికి ముందు ‘సున్నా’ దశను చేర్చారు. తల్లి మొక్కను ఎంచుకుని, పరీక్షించి, శుభ్రమైన వాతావరణంలో కొన్ని వారాలు పెంచే దశ అది. పేరుకు సున్నా గాని తరువాతి దశలన్నీ దాని మీదే నిలుస్తాయి.

కణజాల వర్ధనంలో పుట్టిన మొక్క సహజంగానే వైరస్ లేనిదన్న అభిప్రాయం రైతులలోనే కాదు, కొన్ని ప్రకటనలలో కూడా కనిపిస్తుంది. ఇది సరికాదు. మిల్లీమీటరులో కొద్ది భాగం పరిమాణమున్న విభాజ్య కణజాలాన్ని వేరు చేసి పెంచితేనే వైరస్ తొలగే అవకాశం ఉంటుంది. అది తొలగిందో లేదో ఆ తరువాత పరీక్షించి నిర్ధారించుకోవాలి. వాణిజ్య వృద్ధిలో సాధారణంగా వాడే కాండాగ్రం ముక్క గాని, పూమొగ్గ ముక్క గాని అంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. తల్లిలో వైరస్ ఉంటే అది అందులో ఉండనే ఉంటుంది. అప్పుడు ప్రయోగశాల తల్లి గుణాన్ని ఎంత విశ్వాసంగా వేల మొక్కలకు పంచుతుందో, తెగులును కూడా అంతే విశ్వాసంగా పంచుతుంది. దుబ్బు విడదీస్తే పది మొక్కలకు పాకే తెగులు ఇక్కడ పది వేల మొక్కలకు పాకుతుంది.

ఎంపికలో మరొక మెలకువ ఉంది. పాలీహౌస్‌లో ఎక్కువ పువ్వులిచ్చిన ఒక్క మొక్కను చూసి తీసుకుంటే చాలదు. ఆ దిగుబడి మొక్క స్వభావమా, లేక అది నిలిచిన చోటి అనుకూలతా అన్నది తేలాలంటే దానిని కనీసం ఒక పూర్తి పూత కాలం గమనించాలి. మరొకరు రూపొందించిన వాణిజ్య రకమైతే దానిని వృద్ధి చేయడానికి హక్కుదారు అనుమతి ఉన్నదా లేదా అన్నది కూడా ఈ దశలోనే తేలవలసిన విషయం.

ఏ భాగం తీసుకోవాలి

జెర్బెరాకు పొడవైన కాండం ఉండదు. ఆకులన్నీ నేలను ఆనుకుని గుత్తిగా వస్తాయి. కాండాగ్రం ఆ గుత్తి నడుమ, మట్టికి అతి సమీపంలో ఉంటుంది. దానిని తీయాలంటే తల్లి మొక్కను బలి ఇవ్వాలి. పాదరస క్లోరైడు వంటి తీవ్ర రసాయనంతో కడిగినా మట్టిలోని సూక్ష్మజీవులు ఆకు తొడిమల మడతలలో మిగిలిపోయి సీసాలను పాడుచేస్తాయి. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పాదరస క్లోరైడు ఎంత శాతం, ఎన్ని నిమిషాలు అన్నది ప్రతి సిద్ధాంత గ్రంథంలోను ఉంటుంది. కడిగిన నీరు చివరికి ఎక్కడికి పోయిందన్నది ఎంతో అరుదుగా కనిపిస్తుంది. సోడియం హైపోక్లోరైటుతో పని జరిగే చోట పాదరసాన్ని వాడకపోవడమే మంచిది.

ఇందుకు మారుగా లేత పూమొగ్గను వాడే పద్ధతి అనేక చోట్ల అనుసరిస్తున్నారు. సుమారు ఒక సెంటీమీటరు లోపు వ్యాసం ఉన్న, ఇంకా విచ్చుకోని మొగ్గలో పుష్పాసనం చుట్టూ పుచ్ఛాలు గట్టిగా మూసుకుని ఉంటాయి. లోపలి భాగం సహజంగానే శుభ్రంగా ఉంటుంది. మొగ్గను కడిగి, పుచ్ఛాలను తొలగించి, పుష్పాసనాన్ని ముక్కలుగా కోసి యానకం మీద ఉంచితే కొన్ని వారాలకు ఆకుపచ్చని చిగుళ్ళు బయలుదేరతాయి. తల్లి మొక్క చెక్కుచెదరదు. నచ్చకపోతే మరో మొగ్గ తీసుకోవచ్చు. పువ్వు రంగు, ఆకారం కళ్ళారా చూసిన మొక్క నుంచే ముక్కను తీసుకునే వీలు కూడా ఉంటుంది.

ఈ సౌలభ్యానికి మూల్యం లేకపోలేదు. కాండాగ్రంలోను, దాని గ్రీవపు మొగ్గలలోను చిగురు ముందే ఏర్పడి ఉంటుంది. యానకం దానిని పెరగనిస్తుంది, అంతే. పుష్పాసనం ముక్కలో చాలా చిగుళ్ళు కొత్తగా, అబ్బురంగా పుడతాయి. మధ్యలో కాలస్ ఏర్పడితే తల్లికి భిన్నమైన మొక్కలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందువల్ల పూమొగ్గను వర్ధనాన్ని ప్రారంభించడానికి మాత్రమే వాడి, తొలి చిగుళ్ళు రాగానే కాలస్‌ను కోసి పారవేసి, అక్కడి నుంచి గ్రీవపు మొగ్గల ద్వారానే వృద్ధి కొనసాగించడం వివేకవంతమైన పద్ధతి.

సీసాలో జరిగేది

మురాషిగి–స్కూగ్ యానకంలో లీటరుకు 1650 మిల్లీగ్రాముల అమ్మోనియం నైట్రేటు, 1900 మిల్లీగ్రాముల పొటాషియం నైట్రేటు ప్రధాన లవణాలు. వీటితో పాటు ఇతర స్థూల, సూక్ష్మ పోషకాలు, విటమిన్లు, 30 గ్రాముల చక్కెర, గట్టిపడేందుకు సుమారు 8 గ్రాముల అగార్ కలిపి, ఉదజని సూచికను 5.8 దగ్గర నిలిపి, 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేస్తారు. సీసాలను సుమారు 25 డిగ్రీల ఉష్ణోగ్రత, రోజుకు 16 గంటల వెలుతురు ఉన్న గదిలో ఉంచుతారు. ఇదంతా విద్యార్థులకు తెలిసినదే. చర్చించవలసినది సైటోకైనిన్ మోతాదు.

జెర్బెరా చిగుళ్ళ వృద్ధికి బెంజైల్ ఎడినిన్‌ను సాధారణంగా లీటరుకు ఒకటి, రెండు మిల్లీగ్రాముల పరిధిలో వాడతారు. మోతాదు పెంచితే చిగుళ్ళ సంఖ్య పెరుగుతుంది. సంఖ్యనే ఫలితంగా చూపే పట్టికలో ఆ మోతాదే ‘ఉత్తమం’ అవుతుంది. కాని అలా పుట్టిన చిగుళ్ళు పొట్టిగా, గుబురుగా ఉంటాయి. కొన్ని గాజులా పారదర్శకంగా, నీరు పట్టినట్టు ఉబ్బి, పెళుసుగా తయారవుతాయి. ఈ నీరుపట్టిన స్థితిలోని చిగురుకు వేరు తెప్పించినా బయటి గాలిలో నిలవదు. అధిక సైటోకైనిన్ ప్రభావం సీసాతో ముగియకపోవచ్చు కూడా. నాటిన తరువాత ఆకులు, పిలకలు విపరీతంగా వచ్చి పువ్వులు ఆలస్యమైన గుబురు మొక్కలు ఈ కారణంగానే రావచ్చు. చిగుళ్ళు కొన్ని తక్కువైనా సరే, మోతాదును తగ్గించి, వేరు తెప్పించే ముందు ఒక విడత సైటోకైనిన్ దాదాపు లేని యానకం మీద వాటిని సాగనివ్వడం మేలు.

వృద్ధి లెక్కలు కాగితం మీద ఎంతో అందంగా ఉంటాయి. నాలుగు వారాలకు ఒక చిగురు మూడవుతుందనుకుంటే ఎనిమిది ఉపవర్ధనాలకు ఒక చిగురు నుంచి 6561 చిగుళ్ళు రావాలి. ప్రతి విడతలోను నూటికి పది సీసాలు శిలీంధ్రానికో, బాక్టీరియాకో, నీరుపట్టడానికో పోతాయనుకుంటే ఆ సంఖ్య సుమారు 2820కి పడిపోతుంది. వాటిలో నూటికి 90 వేరు తొడిగి, వాటిలో 80 శాతం బయట బతికితే రైతుకు అందేవి సుమారు 2030. బయట బతికేవి సగమే అయితే 1270. ఇవి ఉదాహరణకు వేసిన లెక్కలే గాని నష్టం ఎక్కడెక్కడ పేరుకుంటుందో చూపడానికి చాలు. విడత విడతకు జరిగే చిన్న నష్టం సగానికి పైగా పంటను మింగేస్తుంది. చివరి దశలోని ఒక్క లోపం మిగిలినదానిలో పెద్ద వాటాను ఒక్క వారంలో తుడిచిపెట్టగలదు.

ఉపవర్ధనాలలో బాక్టీరియా గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శిలీంధ్రం మూడో రోజుకో, వారానికో బూజుగా కనబడుతుంది, సీసాను తీసివేయవచ్చు. కణజాలం లోపల నివసించే బాక్టీరియా అయిదారు విడతల దాకా ఏ గుర్తూ చూపకుండా ఉండి, ఒకనాడు చిగురు మొదట తెల్లని మసకలా బయటపడుతుంది. అప్పటికి కత్తి, పట్టకారు ద్వారా పక్క సీసాలకు చేరిపోయి ఉంటుంది. ఏ సీసా ఏ తల్లి నుంచి, ఏ తేదీన, ఎవరి చేతి మీదుగా వచ్చిందో రాసి ఉంచని ప్రయోగశాలలో దాని మూలాన్ని పట్టుకోవడం అసాధ్యం.

బయటి గాలికి అలవాటు

రెండు మూడు సెంటీమీటర్ల చిగుళ్ళను వేరు చేసి, సగం బలం గల యానకం మీద, కొద్దిగా ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లమో నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమో కలిపి ఉంచితే జెర్బెరా రెండు మూడు వారాలలో సులభంగానే వేరు తొడుగుతుంది. చిక్కు వేరు రావడంలో లేదు. ఆ వేరు ఎలాంటిదన్నదానిలో ఉంది. అగార్‌లో పుట్టిన వేరు తెల్లగా, లావుగా, మూలకేశాలు దాదాపు లేకుండా ఉంటుంది. మట్టిలో నీటిని వెదికి పీల్చే సామర్థ్యం దానికి అంతగా ఉండదు. అసలు పని చేసే వేర్లు బయటికి వచ్చిన తరువాత కొత్తగా పుట్టాలి.

ఆకుల పరిస్థితి ఇంతకంటె సున్నితం. సీసాలో గాలి తేమ నూటికి నూరు శాతానికి చేరువగా ఉంటుంది. నీటిని కాపాడుకోవలసిన అవసరమే లేనందున ఆకు పైపొర మీద మైనపు పూత పలుచగా ఏర్పడుతుంది; పత్రరంధ్రాలు తెరుచుకునే ఉంటాయి, మూసుకోవడం వాటికి సరిగా రాదు. ఆహారం చక్కెర రూపంలో వేరు దగ్గరికే వస్తున్నందున కిరణజన్య సంయోగక్రియ కూడా మందకొడిగా సాగుతుంది. రెండు మూడు వేల లక్స్‌ల వెలుతురులో పెరిగిన మొక్క అది. బయట వేసవి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్‌ల దాకా ఉంటుంది. అలాంటి మొక్కను సీసాలోంచి తీసి నేరుగా గాలిలో పెడితే కొన్ని నిమిషాలలోనే ఆకు వాలిపోతుంది. నీరు పోసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే లోపం నీటి కొరతలో లేదు, నీటిని నిలుపుకోలేకపోవడంలో ఉంది. ఈ భేదం తెలియని చోట వాలిన మొక్కకు మళ్ళీ మళ్ళీ నీరు పోసి చివరికి మొదలు కుళ్ళబెడతారు.

వేరు తొడిగిన మొక్కను సీసా నుంచి తీసినప్పుడు వేరుకు అంటిన అగార్‌ను గోరువెచ్చని నీటితో పూర్తిగా కడగాలి. అగార్‌లో మిగిలిన చక్కెర శిలీంధ్రాలకు విందు. తగిన శిలీంధ్రనాశని ద్రావణంలో కొద్దిసేపు ముంచి, శుద్ధి చేసిన కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో నాటి, 80 నుంచి 90 శాతం తేమ ఉండేలా ప్లాస్టిక్ పందిరి కింద ఉంచాలి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉంటే కొత్త వేరు మాడిపోతుంది. నాటే ముందు దానిని మంచినీటితో పలుమార్లు కడిగి, లవణ పరిమాణాన్ని కొలిచి చూడాలి. మొదటి వారం తుంపర తరచుగా, కాని పలుచగా పడాలి. ఆకు తడిగా ఉండాలి, పొట్టు చిత్తడి కాకూడదు. రెండో వారం నుంచి పందిరి అంచులను రోజుకు కొంతసేపు ఎత్తుతూ తేమను క్రమంగా తగ్గిస్తారు. కొత్తగా విచ్చుకున్న రెండు ఆకులు నీడ వలలో మధ్యాహ్నం కూడా వాలకుండా నిలిస్తే మొక్క తనంతట తాను బతకడం నేర్చుకుందని అర్థం. సీసాలో పుట్టిన పాత ఆకులు క్రమంగా రాలిపోతాయి. వాటి రంగును చూసి నిర్ణయాలు చేయకూడదు.

ఇదంతా నాలుగు నుంచి ఆరు వారాల పని. ఈ పనిని ప్రయోగశాలలో చివరి పనిగా, తక్కువ అనుభవం ఉన్నవారికి అప్పగించే అలవాటు అనేక చోట్ల ఉంది. లామినార్ ఎయిర్ ఫ్లో ముందు కూర్చునేవారికి ఇచ్చే శిక్షణలో సగం పందిరి కింద నీరు పట్టేవారికి ఇస్తే ఫలితం మరోలా ఉంటుంది. గోదావరి జిల్లాలలోని కడియం నర్సరీలలో తరతరాలుగా కొమ్మలను, అంట్లను నీడలో, తేమలో నిలబెట్టడం తెలిసిన పనివారు ఉన్నారు. ఆకు వాలే తీరును చూసి నీరు కావాలో నీడ కావాలో చెప్పగల ఆ నేర్పుకు ప్రయోగశాలలతో పొత్తు కుదిరితే, రెండో దశ హార్డెనింగ్‌కు అంతకు మించిన చోటు వెదకనవసరం లేదు. తెలంగాణలోను, రాయలసీమలోను మాత్రం ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో ఈ దశను పెట్టుకోకపోవడమే మంచిది; వృద్ధి పట్టికను వెనక నుంచి లెక్కవేసి, వేరు తొడిగిన సీసాలు వేసవి దాటాకే చేతికి వచ్చేలా చూసుకోవాలి.

తల్లిని పోలడం

వర్ధనంలో పుట్టిన మొక్కలలో కనిపించే ఈ తేడాలకు లార్కిన్, స్కౌక్రాఫ్ట్ 1981లో ‘సోమాక్లోనల్ వైవిధ్యం’ అని పేరు పెట్టారు. కొత్త రకాల కోసం వెదికేవారికి అది వరం. ఆరు వేల ఒకే రకపు మొక్కలు అడిగిన రైతుకు అది నష్టం. కాలస్ దశ, అధిక మోతాదు నియంత్రకాలు, లెక్కకు మించిన ఉపవర్ధనాలు దీనిని పెంచుతాయి. ఒక తల్లి నుంచి ప్రారంభించిన వర్ధనాన్ని ఎనిమిది, పది విడతలకు మించి సాగించకుండా మళ్ళీ పరీక్షించిన తల్లి నుంచి కొత్తగా ప్రారంభించడం క్షేమకరం. పాత వర్ధనాన్నే ఏళ్ళ తరబడి సాగదీయడం చౌక; ఆ ఆదా విలువ రైతు పాలీహౌస్‌లో బయటపడుతుంది.

డి.ఎన్.ఎ. సూచికలతో చేసే పరీక్షలు జన్యు భేదాలను చాలావరకు పట్టుకుంటాయి. డి.ఎన్.ఎ. క్రమం మారకుండా దాని పనితీరు మాత్రమే మారిన సందర్భాలు ఆ పరీక్షలకు అందకపోవచ్చు. కనుక పరీక్షాఫలితంతో పాటు ప్రతి విడత నుంచి కొన్ని మొక్కలను ప్రయోగశాలే పూయించి చూడడం అవసరం. కేంద్ర ప్రభుత్వపు జీవసాంకేతిక విభాగం 2006లో కణజాల వర్ధన మొక్కలకు జాతీయ ధ్రువీకరణ వ్యవస్థను నెలకొల్పింది. ప్రయోగశాలలకు గుర్తింపు, వైరస్ పరీక్ష, జన్యు ఏకరూపత పరీక్ష అందులో భాగాలు. మొక్కలు తెప్పించే రైతుకు విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వగల మొదటి సలహా ఆ గుర్తింపు గురించి, ఆ విడత మొక్కల పరీక్షా పత్రం గురించి అడగమనడమే. ప్రయోగశాలకు గుర్తింపు ఉండడం వేరు, వచ్చిన ఆ విడత మొక్కలకు పరీక్ష జరగడం వేరు.

అన్ని పూలకూ ఇదే మార్గమా

కాదు. చామంతి కొమ్మ కత్తిరింపులతో రెండు మూడు వారాలలో వేరు తొడుగుతుంది. కత్తిరింపు మొక్కకయ్యే ఖర్చుతో సీసా మొక్క పోటీ పడలేదు. అక్కడ కణజాల వర్ధనం పాత్ర వేరు. చామంతి గిడసబారుడు వైరాయిడ్ సోకిన తోటలో మొక్కలు పొట్టిగా, పువ్వులు చిన్నవిగా తయారవుతాయి. వైరాయిడ్‌కు ప్రోటీను కవచం లేనందున వైరస్‌లను గుర్తించే ఎలైసా పరీక్షకు అది దొరకదు. న్యూక్లిక్ ఆమ్ల పరీక్షలే శరణ్యం. పరీక్షించిన కొద్దిపాటి శుభ్రమైన తల్లి మొక్కలను వర్ధనంలో కాపాడి, వాటి నుంచి నర్సరీలు కత్తిరింపులు తీసుకునేలా ఏర్పాటు చేస్తే సీసా ఖర్చు వేల కత్తిరింపుల మీద పంచబడుతుంది.

చామంతిలోనే మరొక చిత్రం. ఉత్పరివర్తనం వల్ల ఒక పువ్వులో కొన్ని రేకులు మాత్రమే రంగు మారినప్పుడు ఆ కొమ్మను నాటితే కొత్త రంగు నిలవకపోవచ్చు. ఆ కిరణ పుష్పకాలను మాత్రమే వేరు చేసి వర్ధనం చేస్తే పూర్తిగా కొత్త రంగు గల మొక్కను పొందవచ్చు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో ఈ పద్ధతితో కొత్త రంగుల చామంతులను స్థిరపరచారు. ఇదే సూత్రం తలకిందులుగా కూడా పని చేస్తుంది. రెండు రకాల కణజాలాల పొరలతో ఏర్పడిన రకాన్ని కాలస్ ద్వారా వృద్ధి చేస్తే ఆ పొరలు విడిపోయి, తల్లి రంగు పిల్లలలో కనిపించకుండా పోతుంది.

ఢిల్లీ కనకాంబరం త్రయస్థితిక మొక్క, విత్తనం పట్టదు, కొమ్మలతోనే వ్యాపిస్తుంది. నులిపురుగులు, ఎండు తెగులు ఉన్న నేలల నుంచి తెచ్చిన కొమ్మ మొక్కలతో తోటలు దెబ్బ తింటున్న చోట శుభ్రమైన తల్లి మొక్కల నిధి నిజంగా ఉపయోగపడుతుంది. ఆంథూరియం, ఆర్కిడ్‌ల విషయం జెర్బెరా వంటిదే: వేల సంఖ్యలో ఏకరూపమైన మొక్కలు కావాలంటే వేరే దారి లేదు. మల్లెకు మాత్రం కొమ్మ నాటు చాలు.

మడిలో మొదటి మూడు నెలలు

హార్డెనింగ్ పూర్తయిన జెర్బెరా మొక్క అయిదారు ఆకులతో, ప్రోట్రే గడిలోని పొట్టును వేర్లతో గట్టిగా పట్టుకుని రావాలి. ట్రే నుంచి మొక్కను లాగితే పొట్టు ముద్ద విడిపోకుండా రావాలి; వేర్ల కొనలు తెల్లగా ఉండాలి. పొట్టు రాలిపోయి, గోధుమ రంగు వేరు ఒకటి రెండు మాత్రమే కనిపిస్తే ఆ మొక్కకు వయసు చాలలేదని తిప్పి పంపవచ్చు. మొలక మొదలు మట్టి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉండేలా నాటాలి. లోతుగా నాటి, మొదట్లో నీరు నిలిస్తే ఫైటోఫ్తోరా కుళ్ళు వస్తుంది. ప్రయోగశాల ఎంత శుభ్రమైన మొక్కను ఇచ్చినా మడి నేలను శుద్ధి చేయకపోతే ఆ శుభ్రత నాలుగు వారాలకు మించి నిలవదు.

తొలి మొగ్గలను తుంచి, మొక్క పదిహేను వరకు ఆకులు వేసేదాకా ఆగితే కాడలు పొడవుగా వస్తాయి. ఆ తరువాత వచ్చే మొదటి పూతే అసలు పరీక్ష. రంగు మారినవి, రేకులు వక్రించినవి, పూయకుండా గుబురుగా పెరిగేవి ఏ వరుసలో ఎన్ని ఉన్నాయో అప్పుడే లెక్కించి, ట్రే మీది విడత సంఖ్యతో కలిపి రాసుకోవాలి. నూటికి ఒకటి రెండయితే వాటిని పీకి కొత్తవి నాటవచ్చు. అంతకు మించితే ఆ లెక్క ప్రయోగశాలకు చేరాలి, ఎందుకంటే అదే విడత చిగుళ్ళు అప్పటికింకా అక్కడి అరల మీద వృద్ధి చెందుతూ ఉండవచ్చు. విడత సంఖ్య ఉన్న చీటీని ట్రేతో పాటే పారవేసిన రైతు దగ్గర అప్పుడు చూపడానికి పువ్వులు తప్ప మరే ఆధారమూ ఉండదు.